మన ఎంపీ సభలో ఎటు ఓటు వేశారో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న (నియోజకవర్గ ఓటరు)

అందరికీ నమస్కారం. మా లోక్‌సభ సభ్యుడు పార్లమెంటు సమావేశాలు ముగిసిన ప్రతిసారీ నియోజకవర్గ ప్రజలకు ఒక సందేశం పంపుతారు. వాట్సాప్‌లో అందే ఆ నాలుగు పేజీల కరపత్రంలో మొదట ఆయన సభలో మాట్లాడుతున్న ఫొటో, దాని కింద హాజరు శాతం, అడిగిన ప్రశ్నల సంఖ్య ఉంటాయి. ఆ తరువాత రెండు పేజీల నిండా శంకుస్థాపనలు, కేంద్ర మంత్రులకు వినతిపత్రాలు ఇస్తున్న దృశ్యాలు ఉంటాయి. చివరి పేజీలో మాత్రం, 'ప్రజలకు మేలు చేసే బిల్లులన్నింటికీ సభలో సంపూర్ణ మద్దతు తెలిపాను' అనే ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది. అవి ఏ బిల్లులో, ఏ రోజున సభ ముందుకు వచ్చాయో, వాటిలో దేనినైనా ఆయన వ్యతిరేకించారో లేదో చెప్పే మాట ఒక్కటీ ఉండదు.

మేము కొందరం కలిసి మా ప్రాంత ఓటర్ల కోసం ఒక చిన్న పత్రం సిద్ధం చేయాలనుకుంటున్నాము. ముఖ్యమైన బిల్లుల మీద మా సభ్యుడు ఎటు ఓటు వేశారు, ఓటింగ్ సమయంలో సభలో ఉన్నారా, ఆ బిల్లు గురించి బయట ప్రజలకు ఏమని చెప్పారు అనే మూడు విషయాలను పక్కపక్కన పెట్టి చూపించాలన్నది మా ఆలోచన. హాజరు, ప్రశ్నలు, చర్చల్లో పాల్గొన్న వివరాలు పార్లమెంటు వెబ్‌సైట్‌లోనూ, పీఆర్‌ఎస్ అనే చట్టసభల అధ్యయన సంస్థ పేజీలోనూ సులువుగానే దొరికాయి. ఓటు వివరం మాత్రం సభ్యుని పేరు మీద ఎక్కడా కనిపించలేదు. మేము సరైన చోట వెతకడం లేదా, లేక అసలు అటువంటి రికార్డే ఉండదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.


జవాబు (పార్లమెంటు వార్తలు రాసిన పాత్రికేయుడు)

రికార్డు కొన్ని సందర్భాలలో ఉంటుంది, చాలా సందర్భాలలో ఉండదు. ఈ తేడా ఎందుకు వస్తుందో ముందుగా తెలుసుకుంటే మీ వెతుకులాట సులువవుతుంది.

సభలో ఏ తీర్మానమైనా, బిల్లయినా మొదట మూజువాణి ఓటుకే వస్తుంది. అనుకూలురు 'ఆయ్' అని, వ్యతిరేకులు 'నో' అని గొంతెత్తి చెబుతారు. ఏ పక్షం గొంతు ఎక్కువగా వినిపించిందో స్పీకర్ తన అంచనా ప్రకటిస్తారు. ఆ అంచనాను ఎవరూ సవాలు చేయకపోతే బిల్లు అక్కడితో ఆమోదం పొందినట్టే. ఇందులో ఎవరి పేరూ నమోదు కాదు. మన పార్లమెంటులో మామూలు బిల్లులలో అత్యధికం ఈ పద్ధతిలోనే గట్టెక్కుతాయి. కాబట్టి మీ సభ్యుడు 'సంపూర్ణ మద్దతు తెలిపాను' అని రాసిన బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందినదైతే, ఆ మాట నిజమో కాదో చెప్పగల ఓటు రికార్డు ఎక్కడా లేదు.

స్పీకర్ అంచనాను సభ్యులలో ఎవరైనా సవాలు చేసి డివిజన్ కోరితే అప్పుడు పేర్లతో ఓటింగ్ జరుగుతుంది. ఆ క్రమాన్ని ఒకసారి ప్రత్యక్ష ప్రసారంలో పూర్తిగా చూడండి. లాబీలు (సభను ఆనుకొని ఉండే వరండాలు) ఖాళీ చేయించమని స్పీకర్ ఆదేశించగానే పార్లమెంటు ఆవరణ అంతటా మూడున్నర నిమిషాల పాటు గంట మోగుతుంది. గ్రంథాలయంలోనో, క్యాంటీన్‌లోనో, మంత్రుల గదులలోనో ఉన్న సభ్యులు ఆ వ్యవధిలో పరుగున వచ్చి తమ తమ స్థానాలలో కూర్చోవాలి. గంట ఆగగానే తలుపులు మూస్తారు. ప్రశ్నను రెండవసారి సభ ముందు ఉంచిన తరువాత, సభ్యుడు తన బల్ల మీద ఒక స్విచ్ నొక్కి ఉంచుతూనే, అనుకూలమైతే ఆకుపచ్చ, వ్యతిరేకమైతే ఎరుపు, తటస్థమైతే పసుపు బటన్ నొక్కాలి. దీనికి ఉన్న సమయం 10 సెకన్లు. బటన్ పొరపాటున నొక్కినవారు, యంత్రం పనిచేయనివారు చీటీల మీద రాసి ఇస్తారు. అందుకే మొదట ప్రకటించే అంకెలకు 'సవరణలకు లోబడి' అనే షరతు ఉంటుంది. పత్రికలలో మరునాడు వచ్చిన సంఖ్యకూ, తుది రికార్డులోని సంఖ్యకూ ఒకటి రెండు ఓట్ల తేడా కనిపించడానికి కారణం ఇదే. మీరు తుది రికార్డునే తీసుకోవాలి.

ఆ పేర్లు ఎక్కడ ఉంటాయన్నది మీ అసలు ప్రశ్న. సభ్యుని పేజీలో ఉండవు. ఏ రోజు ఓటింగ్ జరిగిందో ఆ రోజు లోక్‌సభ చర్చల పూర్తి పాఠంలో, ఆ బిల్లు చర్చ ముగిసే చోట, అనుకూలురు, వ్యతిరేకులు, తటస్థులు అనే వరుసలో పేర్ల జాబితా అచ్చవుతుంది. కాబట్టి సభ్యుని పేరుతో కాక, తేదీతో వెతకాలి. బిల్లు ఎప్పుడు ఆమోదం పొందిందో చూసుకొని ఆ రోజు పాఠం తెరిచి, డివిజన్ జరిగిన పేజీలకు వెళ్లండి. ఒకే బిల్లు మీద అనేక డివిజన్లు ఉండవచ్చు: బిల్లును పరిశీలనకు తీసుకోవాలన్న తీర్మానం మీద ఒకటి, ప్రతిపక్ష సవరణల మీద కొన్ని, తుది ఆమోదం మీద మరొకటి. తుది ఓటు మాత్రమే చూసి ఆగిపోకండి. ఒక సభ్యుని ప్రాంతానికి నేరుగా సంబంధించిన సవరణ వచ్చినప్పుడు ఆయన ఏ బటన్ నొక్కారన్నది తుది ఓటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది.

రాజ్యాంగ సవరణ బిల్లులకు డివిజన్ తప్పనిసరి. 368వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యులలో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు అనుకూలంగా ఉండాలి గనుక లెక్క పెట్టక తప్పదు. కాబట్టి మీ పని వీటితో మొదలుపెట్టండి. 2019 జనవరి 8న ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ బిల్లు 323-3 తేడాతో, 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లు 454-2 తేడాతో లోక్‌సభలో నెగ్గాయి. మామూలు బిల్లులలోనూ తీవ్ర వివాదం ఉన్నప్పుడు డివిజన్ జరుగుతుంది. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబర్‌లో 311-80 తేడాతోనూ, వక్ఫ్ సవరణ బిల్లు 2025 ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక 288-232 తేడాతోనూ ఆమోదం పొందాయి. ఈ రెండింటిలోనూ తెలుగు రాష్ట్రాల పార్టీలు తలో దారి పట్టాయి గనుక మన ఓటర్లకు ఆ జాబితాలు ఆసక్తికరంగా ఉంటాయి.

ఇక బాధాకరమైన విషయం ఒకటి చెప్పాలి. తెలుగువారి జీవితాలను అన్నింటికంటే ఎక్కువగా మార్చిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం కూడా నిలిచిపోయింది. రాష్ట్రం విడిపోవాలని కోరుకున్నవారికీ, కలిసి ఉండాలని కోరుకున్నవారికీ కూడా, తమ సభ్యుడు బిల్లు తుది ఆమోదం నాడు ఏ వైపు నిలిచాడో పేరుతో చూపించే పత్రం లేకుండా పోయింది. ఎవరు గెలిచారన్నది వేరే సంగతి. అంతటి నిర్ణయానికి పేర్ల జాబితా లేకపోవడం రెండు పక్షాల ఓటర్లకూ జరిగిన నష్టమని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు ఇదే విధంగా, డివిజన్ కావాలన్న ప్రతిపక్షాల డిమాండ్ మధ్య, మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. గందరగోళం సృష్టించారంటూ మరునాడు 8 మంది సభ్యులను సస్పెండ్ చేశారు. 2021 నవంబర్ 29న వాటిని రద్దు చేసిన బిల్లు సైతం చర్చ లేకుండా, మూజువాణి ఓటుతోనే రెండు సభలూ దాటింది. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ పేర్లు లేవు.


జవాబు (న్యాయవాది)

పై వివరాలు చాలా ఉపయోగకరంగా ఉన్నాయి. అయితే పేర్ల జాబితా దొరికిన చోట కూడా దానిని సభ్యుని వ్యక్తిగత అభిప్రాయంగా చదివితే తప్పుదారి పడతాము. మన దేశంలో సభ్యుని ఓటు చాలావరకు పార్టీ ఓటు.

1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం, పార్టీ జారీ చేసిన ఆదేశానికి (విప్‌కు) విరుద్ధంగా ముందస్తు అనుమతి లేకుండా ఓటు వేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వానికే ముప్పు వస్తుంది. పార్టీ 15 రోజులలోగా ఆ చర్యను మన్నిస్తే తప్ప అనర్హత వేటు పడే అవకాశం ఉంటుంది. ఈ నిబంధన అవిశ్వాస తీర్మానానికో, బడ్జెట్‌కో పరిమితం కాదు. విప్ జారీ అయిన ఏ ఓటింగ్‌కైనా వర్తిస్తుంది. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును ప్రధానంగా సమర్థిస్తూనే, ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటింగ్‌కూ, పార్టీ ప్రజల ముందు పెట్టిన ప్రధాన విధానాలకు సంబంధించిన అంశాలకూ ఇటువంటి ఆదేశాలను పరిమితం చేయడం మంచిదని అభిప్రాయపడింది. ఆ మాట పార్టీల ఆచరణలోకి రాలేదు. మూడు గీతల విప్, అంటే అత్యంత కఠినమైన ఆదేశం, ఇప్పుడు దాదాపు ప్రతి కీలక బిల్లుకూ జారీ అవుతోంది.

అందువల్ల 'మా సభ్యుడు ఫలానా బిల్లుకు అనుకూలంగా ఓటు వేశాడు' అని రాసినప్పుడు, పక్కనే 'పార్టీ విప్ ఉంది' లేదా 'లేదు' అని కూడా రాయండి. విప్ లేని సందర్భాలు అరుదు గనుక వాటికి విలువ ఎక్కువ. వక్ఫ్ బిల్లు సమయంలో ఒడిశాకు చెందిన బిజూ జనతాదళ్ తన రాజ్యసభ సభ్యులను అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేసుకోమన్నది. అటువంటి చోట సభ్యుని నిర్ణయం పూర్తిగా ఆయనదే. దానికి ఆయనే సమాధానం చెప్పాలి.

సభలో వేసిన ఓటు మీద సభ్యుని మీద కోర్టులో కేసు వేయడానికి వీలు లేదని 105వ అధికరణం చెబుతుంది. ఆ రక్షణ ఉద్దేశం ఆయన భయం లేకుండా ఓటు వేయాలన్నదే. 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని 265-251 తేడాతో ఎదుర్కొని నిలబడిన తరువాత వచ్చిన లంచం ఆరోపణల కేసులో, 1998లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఆ రక్షణను లంచం తీసుకొని ఓటు వేసినవారికి కూడా విస్తరింపజేసింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసి, లంచానికి ఆ రక్షణ వర్తించదని తేల్చింది. ఇది మీ పత్రానికి నేరుగా అవసరం లేకపోవచ్చు గాని, సభ్యుని ఓటు ఎవరి ఆస్తి అనే ప్రశ్నకు కోర్టు ఇచ్చిన జవాబు గనుక ప్రస్తావించాను.

నా అభిప్రాయంలో, ఓట్ల పట్టిక కోసం ఎక్కువ శ్రమ పడవద్దు. విప్ ఉన్నంతకాలం ఒకే పార్టీకి చెందిన సభ్యులందరి పట్టికలూ ఒకే విధంగా ఉంటాయి. వ్యక్తిని తెలుసుకోవాలంటే ఆయన అడిగిన ప్రశ్నలను చదవండి.


జవాబు (గ్రంథాలయ కార్యకర్త)

న్యాయవాది గారి వివరణను గౌరవిస్తూనే చివరి మాటతో విభేదిస్తున్నాను. విప్ సభ్యుని చేతిని కట్టేస్తుంది గాని నోటిని కట్టేయదు. పార్టీ ఆదేశం మేరకు ఓటు వేసిన సభ్యుడు కూడా తన ప్రజల వద్దకు వచ్చి, 'ఈ బిల్లులో ఫలానా అంశం మన ప్రాంతానికి నష్టం. పార్టీ సమావేశంలో అభ్యంతరం చెప్పాను. అయినా పార్టీ నిర్ణయానికి కట్టుబడ్డాను' అని చెప్పవచ్చు. అలా చెప్పడాన్ని ఏ చట్టమూ అనర్హతగా పేర్కొనలేదు. కాబట్టి ఓటు పార్టీదే అయినా వివరణ మాత్రం వ్యక్తిదే. ప్రశ్న అడిగినవారు ఓటునూ సందేశాన్నీ పక్కపక్కన పెట్టాలనుకోవడం అందుకే సరైన ఆలోచన. రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే సభ్యుని నిజాయితీ తెలుస్తుంది.

ఇక సందేశాన్ని ఎలా చదవాలన్నది చెబుతాను. మా గ్రంథాలయానికి వచ్చే పాఠకులతో ఇటువంటి కరపత్రాలను పంక్తి పంక్తీ చదివించడం మాకు అలవాటు. మొదట క్రియాపదాలను చూడండి. 'ఫలానా గ్రామానికి సామాజిక భవనం మంజూరు చేశాను' అని రాసి ఉంటే అది సరైన మాట కాదు. ఎంపీ లాడ్స్ (ఎంపీల స్థానిక ప్రాంతాభివృద్ధి నిధుల) పథకంలో సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల మేరకు పనులను సిఫారసు చేసే అధికారం మాత్రమే ఉంది. పరిశీలించి మంజూరు చేసేదీ, అమలు చేయించేదీ జిల్లా యంత్రాంగం. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, అంటే మనది. ఆ నిధులలో కనీసం 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు సిఫారసు చేయాలన్న నియమం కూడా ఉంది. కరపత్రంలోని పనుల జాబితాను ఆ దృష్టితో ఒకసారి చదివితే ఎన్నో విషయాలు తెలుస్తాయి. కరోనా సమయంలో 2020 ఏప్రిల్‌లో ఈ పథకాన్ని నిలిపివేశారు, 2021 నవంబర్‌లో పునరుద్ధరించారు. ఆ మధ్యకాలంలో తన నిధులతో కొత్త పనులు తెచ్చానని ఎవరైనా రాసుకుంటే వెంటనే ప్రశ్నించవలసిందే.

రైల్వే వంతెనలు, జాతీయ రహదారుల విషయంలో 'సాధించాను' అనే మాట మరీ ఎక్కువగా వాడుతుంటారు. ఒక లేఖ రాయడం, జీరో అవర్‌లో (అత్యవసర అంశాలు లేవనెత్తే సమయంలో) ప్రస్తావించడం, 377వ నిబంధన కింద అంశాన్ని సభ దృష్టికి తేవడం, మంత్రిని కలవడం ఇవన్నీ మంచి పనులే. అయితే వాటి ఫలితంగా మంత్రిత్వ శాఖ ఇచ్చిన జవాబు ఏమిటో కరపత్రంలో ఉందా అన్నది చూడండి. వినతిపత్రం ఇస్తున్న ఫొటో ఉండి, జవాబు లేదంటే ఆ పని అక్కడే ఆగి ఉండవచ్చు.

ప్రశ్నల సంఖ్య విషయంలోనూ జాగ్రత్త అవసరం. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు (రాతపూర్వకంగా జవాబిచ్చేవి) జాబితాకెక్కుతాయి. ఏ సభ్యుని ప్రశ్నకు ముందు చోటు దొరుకుతుందో లాటరీ తేలుస్తుంది. అందువల్ల ఒకరివి 300, మరొకరివి 200 అన్నంత మాత్రాన మొదటివారు గొప్ప అని తేల్చలేము. 'దేశంలో ఫలానా పథకం కింద రాష్ట్రాలవారీగా కేటాయింపులు ఎంత' అని అడిగే ప్రశ్నలు వందల కొద్దీ ఉంటాయి. వాటి మధ్యలో తన నియోజకవర్గంలోని ఒక ఆసుపత్రి గురించో, ఆగిపోయిన సాగునీటి కాలువ గురించో పేరు పెట్టి అడిగిన ప్రశ్న, దానికి మంత్రి లిఖితపూర్వకంగా ఇచ్చిన జవాబు, ఆ జవాబు మీద మళ్లీ అడిగిన మరో ప్రశ్న ఉంటే, అక్కడ నిజంగా పట్టుదల ఉన్నట్టు. ఈ పాఠాలన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో తేదీలవారీగా ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుంటే మీ సభ్యునివి అన్నీ చదవవచ్చు.

మరొక మాట. బిల్లులనూ, శాఖల పనినీ పరిశీలించే స్థాయీ సంఘాలనూ, సంయుక్త పార్లమెంటరీ సంఘాలనూ మరచిపోకండి. వాటి సమావేశాలు బయటివారికి కనిపించవు గాని, సంఘం నివేదికతో ఏకీభవించని సభ్యుడు రాతపూర్వకంగా అసమ్మతి పత్రం ఇస్తే అది నివేదికతోపాటు వెలువడుతుంది. సభలో పది సెకన్లలో నొక్కిన బటన్ కంటే, ఒక సభ్యుడు తన పేరుతో రెండు పేజీలలో రాసిన అసమ్మతి ఎంతో విలువైన సాక్ష్యం. మీ సభ్యుడు ఏ సంఘంలో ఉన్నారో ఆయన కరపత్రంలో ఎప్పుడైనా రాశారా?


ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ ధన్యవాదాలు. సంఘం పేరు కరపత్రంలో ఎన్నడూ కనిపించలేదు. వెబ్‌సైట్‌లో చూస్తే ఒక స్థాయీ సంఘంలో సభ్యుడని తెలిసింది. తేదీలవారీగా వెతకడం మొదలుపెట్టాము. మహిళా రిజర్వేషన్ బిల్లు జాబితాలో ఆయన పేరు అనుకూలుర వరుసలో ఉంది. మరొక వివాదాస్పద బిల్లు నాటి జాబితాలో మాత్రం మూడు వరుసలలోనూ ఆయన పేరు లేదు. ఆ రోజు హాజరు వివరాలలో ఆయన సంతకం ఉంది. హాజరై ఉండి కూడా ఓటు వేయలేదంటే తటస్థంగా ఉన్నట్టు భావించాలా? దీనిని పత్రంలో ఎలా రాయాలి?


జవాబు (పార్లమెంటు వార్తలు రాసిన పాత్రికేయుడు)

తటస్థం అని రాయకండి. తటస్థంగా ఉన్నవారు పసుపు బటన్ నొక్కుతారు. వారి పేర్లు వేరుగా ఉంటాయి. హాజరు అనేది ఆ రోజు సభకు వచ్చినట్టు చేసిన సంతకం మాత్రమే. ఉదయం సంతకం చేసి, రాత్రి ఓటింగ్ నాటికి సభలో లేకపోవడం మామూలుగా జరిగేదే. ఓటింగ్‌కు రానివారి జాబితాను విడిగా ప్రచురించరు గనుక, మీరు చెప్పగలిగినది 'ఆ రోజు సభకు హాజరైనట్టు నమోదైంది. ఓటు నమోదు కాలేదు' అన్నంత వరకే. కారణం ఆరోగ్యం కావచ్చు, పార్టీ అనుమతి కావచ్చు, ఉద్దేశపూర్వకం కావచ్చు. ఆయనే చెప్పాలి. చర్చల పాఠంలో జాబితా కింద ఉండే చిన్న అక్షరాల గమనికను కూడా ఒకసారి చూడండి. చీటీ ద్వారా ఓటు వేసినవారి, ఓటు సరిదిద్దుకున్నవారి పేర్లు అక్కడ ఉంటాయి.

అయితే గైర్హాజరును తేలికగా తీసుకోమని నా ఉద్దేశం కాదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270 తేడాతో, ఒకే ఒక్క ఓటుతో కూలిపోయింది. ఆనాడు స్పీకర్ స్థానంలో మన తెలుగువారైన జి.ఎం.సి. బాలయోగి ఉన్నారు. ఆ రోజు రాకపోయిన సభ్యుడు ఒక్కడున్నా అతని గైర్హాజరు ఒక ఓటుతో సమానం. రాజ్యాంగ సవరణలలో ఇది మరింత స్పష్టం. మొత్తం సభ్యులలో సగానికి పైగా కావాలి గనుక, 543 మంది ఉన్న సభలో 272 మంది అనుకూలంగా బటన్ నొక్కవలసిందే. అక్కడ ఇంట్లో కూర్చున్న సభ్యుడు కూడా ఆ లెక్కకు వ్యతిరేకంగానే బరువు తూగుతాడు. పార్టీలకు ఇది బాగా తెలుసు. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లులను ప్రవేశపెట్టే దశలో 269-198 తేడాతో ఓటింగ్ జరిగినప్పుడు, రాని తమ సభ్యుల నుంచి అధికార పక్షం సంజాయిషీ కోరింది. పార్టీ అడగగలిగినప్పుడు ఓటరు ఎందుకు అడగకూడదు?

ఒక జాగ్రత్త. మీ సభ్యుడు మంత్రి అయితే హాజరు పట్టికలో సంతకం ఉండదు, ప్రశ్నలూ ఉండవు. మంత్రులు ప్రశ్నలకు జవాబు చెప్పేవారే గాని అడిగేవారు కారు. స్పీకర్ కూడా రెండు పక్షాల ఓట్లు సమానమైనప్పుడు తప్ప ఓటు వేయరు. అటువంటివారిని సున్నా అని చూపిస్తే అన్యాయమవుతుంది.


జవాబు (న్యాయవాది)

నేను విప్ గురించి రాసినదానికి గ్రంథాలయ కార్యకర్త గారు చేసిన చేర్పును అంగీకరిస్తున్నాను. వివరణ ఇవ్వడానికి పదో షెడ్యూలు అడ్డు రాదు. అయితే ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టు ప్రవర్తించినా అనర్హత వర్తిస్తుందని అదే షెడ్యూలు చెబుతోంది, ఆ ప్రవర్తన సభ వెలుపల కూడా కావచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే సభ్యులు బహిరంగ సందేశాలలో పార్టీ నిర్ణయం మీద ఆచితూచి మాట్లాడతారు. ఒక సభ్యుడు తన సందేశంలో ఒక బిల్లు గురించి అసలు ప్రస్తావించకపోతే, అది నిర్లక్ష్యమే కావచ్చు, చెప్పలేని ఇబ్బంది కూడా కావచ్చు. మీ పత్రంలో 'మౌనం' అని రాయండి. 'దాచిపెట్టారు' అని రాయకండి.


జవాబు (గ్రంథాలయ కార్యకర్త)

పత్రాన్ని అచ్చు వేయడానికి ముందు దాని ప్రతిని సభ్యునికి పంపి, రెండు వారాల గడువు ఇచ్చి, ఆయన జవాబును ఉన్నది ఉన్నట్టుగా పక్కనే వేయమని నా సలహా. ఓటు నమోదు కాని ఆ బిల్లు గురించి ఒకే ఒక్క ప్రశ్న, సూటిగా, మర్యాదగా అడగండి: 'ఫలానా తేదీన ఫలానా బిల్లుపై జరిగిన డివిజన్‌లో మీ ఓటు నమోదు కాలేదు. దీనికి కారణమేమిటో, ఆ బిల్లుపై మీ అభిప్రాయమేమిటో నియోజకవర్గ ఓటర్లకు తెలియజేయగలరు.' బిల్లు పేరు, తేదీ, డివిజన్ సంఖ్య తప్పకుండా రాయండి. వివరాలన్నీ ఉన్న లేఖను కార్యాలయ సిబ్బంది సాధారణ వినతులలో కలిపేసి పక్కన పెట్టడం కష్టం.

మూజువాణి ఓటుతో ఆమోదం పొందిన బిల్లులకు ఓటు గడిలో 'పేర్లు నమోదు కాలేదు' అని రాసి, దాని పక్కన ఆయన ఆ చర్చలో మాట్లాడి ఉంటే ఆ ప్రసంగంలోని రెండు మూడు వాక్యాలను యథాతథంగా ఇవ్వండి. చర్చల పాఠంలో తెలుగు ప్రసంగాలు కొన్ని అనువాదంగా కనిపిస్తాయి గనుక, వీలైతే సంసద్ టీవీ వీడియో చూసి ఆయన నోటి మాటనే రాసుకోవడం మంచిది. మాట్లాడకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి.

రాజ్యసభ సభ్యుల గురించి కూడా చేయాలనుకుంటే, వారికి నియోజకవర్గం ఉండదు, రాష్ట్రం మొత్తం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు 7 మంది ఉన్నారు. వారిని ఎన్నుకునేది శాసనసభ్యులు గనుక ప్రజలకు సందేశాలు పంపడం వారిలో కొందరికి అలవాటే ఉండదు. ముందు లోక్‌సభ సభ్యుని పత్రం పూర్తి చేయండి. మీరు తయారు చేసిన నమూనా ఇక్కడ పెడితే మా ప్రాంతంలోనూ అదే వరుసలో చేస్తాము.